మీకు తెలుసా? బర్బన్ విస్కీ సీసా ధర ఎందుకు పెరుగుతుంది?

అమెరికాలో చవగ్గా దొరికే బర్బన్‌కీ, లక్షల రూపాయలు పలికే బర్బన్‌కీ చట్టం ఒక్కటే. ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. లోపలివైపు బొగ్గయ్యేలా కాల్చిన కొత్త ఓక్ పీపాల్లోనే నిల్వ చేయాలి. రంగులూ రుచులూ కలపకూడదు.

మరి ధరలో అంత తేడా ఎందుకు? కొంత వయసు వల్ల. అమెరికాలోని కెంటకీ రాష్ట్రపు ఎండలకు పీపాలోని సరుకు ఏటా కొంత ఆవిరైపోతుంది. ఇరవై ఏళ్లు దాటిన పీపాలో సగానికి పైగా ఖాళీ అయిపోవచ్చు. మిగతా ధరంతా పేరుకీ, కొరతకీ. కెంటకీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్న బఫెలో ట్రేస్ డిస్టిలరీనే చూడండి: ఖరీదుకు పేరుమోసిన ప్యాపీ వ్యాన్ వింకిల్, అంతకంటే ఎంతో తక్కువకు వచ్చే వెల్లర్ రెండూ అక్కడే తయారవుతాయి. రెండింట్లోనూ రై అనే ధాన్యం బదులు గోధుమ వాడతారు. ఏరిన పీపాలు, వాటి వయసు మాత్రం వేరు.

తక్కువ ధరలో నాణ్యత కావాలంటే లేబుల్‌పై 'బాటిల్డ్ ఇన్ బాండ్' అని ఉందేమో చూడాలి. 1897 నాటి చట్టం ప్రకారం అది ఒకే డిస్టిలరీలో, ఒకే సీజన్‌లో తీసినదై ఉండాలి. కనీసం 4 ఏళ్లు నిల్వ ఉండాలి, ఆల్కహాల్ సరిగ్గా 50 శాతం ఉండాలి.

పోల్చేటప్పుడు ఒకే రకం గ్లాసుల్లో, పేర్లు కనబడకుండా, కొద్దికొద్దిగా పోయించుకోండి. ధర ముందే తెలిస్తే నాలుక దాన్నే నమ్ముతుంది. నోరు కాస్త తెరిచి వాసన పీల్చండి. ఘాటు తగ్గి వెనిలా, కాచిన పంచదార పాకం, చెక్క వాసనలు విడివిడిగా తెలుస్తాయి. తర్వాత రెండు చుక్కల నీళ్లు వేసి మళ్లీ చూడండి. పీపాలో మరీ పాతబడిన బర్బన్‌లో చెక్క వగరు పైకి తేలుతుంది. నా మటుకు 8 నుంచి 12 ఏళ్ల బర్బన్‌లోనే తీపీ వగరూ చక్కగా కుదురుతాయి.