డొమైన్ పేరు ఎవరి సొత్తు?

విజయవాడలో 'లక్ష్మీ' పేరుతో ఒక బట్టల దుకాణం, వరంగల్లులో అదే పేరుతో ఒక మందుల దుకాణం ఉన్నాయనుకోండి. వాటి మధ్య పేచీ రాదు. చీర కొనడానికి బయలుదేరినవారు పొరపాటున మందుల దుకాణానికి వెళ్ళరు కదా! కాని ఇద్దరూ వెబ్‌సైట్ పెట్టుకోవాలనుకుంటే? 'లక్ష్మీ డాట్ కామ్' ప్రపంచం మొత్తానికి ఒక్కటే ఉంటుంది. అది ఎవరికి చెందాలి? చట్టం దీనికి ఏమని సమాధానం చెబుతుందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

పేరు వెనుక ఉన్న ఏర్పాటు

ఇంటర్నెట్‌లో కంప్యూటర్లు ఒకదానినొకటి ఐ.పి. సంఖ్యలతో గుర్తిస్తాయి. అంత పెద్ద సంఖ్యలు మనకు గుర్తుండవు కనుక పేర్లు వాడతాం. మనం టైపు చేసిన పేరును సంఖ్యగా మార్చే ఏర్పాటే డొమైన్ నేమ్ సిస్టమ్. ఒకే పేరు ఇద్దరికి ఇస్తే ఎవరి సైటుకు పంపాలో తెలియదు. అందుకే ముందు అడిగినవారికి ఇచ్చేస్తారు.

చిక్కంతా ఇక్కడే ఉంది. నమోదు సమయంలో కంప్యూటర్ అచ్చం అదే పేరు ఇదివరకే ఉందా అని మాత్రమే చూస్తుంది. ఒక్క అక్షరం మారినా దానికి అది కొత్త పేరే. ఆ పేరుకు ప్రతిష్ఠ తెచ్చింది ఎవరని అది అడగదు. దీన్ని ఆసరాగా తీసుకుని, ఇతరులకు చెందిన పేర్లను లాభాపేక్షతో నమోదు చేసుకోవడాన్ని సైబర్ స్క్వాటింగ్ అంటారు.

సిఫీ కేసు

హైదరాబాదుకు చెందిన సత్యం కంప్యూటర్స్ నెలకొల్పిన సంస్థ సత్యం ఇన్ఫోవే. తన పేరులోని అక్షరాలతో 'సిఫీ' అనే మాటను కల్పించుకుని, 1999లో సిఫీనెట్ డాట్ కామ్ వంటి పేర్లను నమోదు చేసుకుంది. తరువాత మరో సంస్థ సిఫ్ఫీనెట్ డాట్ కామ్ పేరును తీసుకుంది. అది తమ వ్యవస్థాపకుల పేర్లలోని మొదటి అక్షరాల కూర్పు అని వాదించింది. బెంగళూరు సివిల్ కోర్టు సత్యంకు అనుకూలంగా నిషేధాజ్ఞ ఇవ్వగా, కర్ణాటక హైకోర్టు దాన్ని తోసిపుచ్చింది. 2004లో సుప్రీంకోర్టు సివిల్ కోర్టు ఆజ్ఞను పునరుద్ధరించింది.

ఆ తీర్పులోని ముఖ్యాంశం ఇది: డొమైన్ పేరు కేవలం చిరునామా కాదు, వ్యాపారానికి గుర్తింపు కూడా. కాబట్టి దానికి 'పాసింగ్ ఆఫ్' సూత్రం వర్తిస్తుంది. అంటే తన సరుకును మరొకరి సరుకుగా నమ్మించి చలామణీ చేయరాదు. కంప్యూటర్ ఆ రెండు పేర్లను వేరుగా చూసింది. న్యాయస్థానం మాత్రం సామాన్య వినియోగదారుడు వాటిని విని, చూసి భ్రమపడతాడా అని అడిగింది.

మూడు ప్రశ్నలు

ప్రతి తగాదాకూ కోర్టుకే వెళ్ళనక్కరలేదు. డాట్ కామ్ వంటి పేర్లకు ఐకాన్ సంస్థ 1999లో ఒక పరిష్కార విధానాన్ని ఆమోదించింది. ఫిర్యాదుదారు మూడు విషయాలు నిరూపించాలి:

1. పేరు తన ట్రేడ్‌మార్కును పోలి, భ్రమ కలిగించేలా ఉంది.
2. నమోదుదారుకు ఆ పేరుపై న్యాయమైన హక్కు లేదు.
3. దురుద్దేశంతో నమోదు చేసి, వాడుతున్నారు.

మూడూ రుజువైతే పేరును రద్దు చేస్తారు లేదా ఫిర్యాదుదారుకు బదిలీ చేస్తారు. నష్టపరిహారం మాత్రం ఇవ్వరు. అది కావాలంటే కోర్టుకు వెళ్ళాలి. మన డాట్ ఇన్ పేర్లకు నిక్సీ సంస్థ ఇలాంటి విధానాన్నే నడుపుతోంది. అక్కడ మధ్యవర్తి తీర్పు చెబుతారు.

రెండో ప్రశ్నను గమనించండి. అది చిన్నవారికి రక్షణ. మీ సొంత పేరుతోనో, సామాన్యమైన మాటతోనో నిజాయితీగా సైటు నడుపుతుంటే, పెద్ద కంపెనీ అడిగినంత మాత్రాన దాన్ని వదులుకోనక్కరలేదు. కంపెనీయే దురుద్దేశంతో ఫిర్యాదు చేసిందని తేలితే, తీర్పులో ఆ మాటే రాస్తారు.

గుర్తుంచుకోండి: ముందుగా నమోదు చేసుకుంటే పేరు చేతికి వస్తుంది. దాన్ని నిలబెట్టేది మీ ఉద్దేశం, వాడకం. రేపు మీరొక సైటు పెట్టదలిస్తే ముందు ట్రేడ్‌మార్కుల రికార్డులో ఆ పేరును వెతకండి.

ఆలోచించండి: ఇప్పుడు 'డాట్ భారత్'తో తెలుగు లిపిలోనూ డొమైన్ పేర్లు ఉన్నాయి. ఒక దీర్ఘమో, ఒక ఒత్తో మార్చి మరొకరు పేరు తీసుకుంటే, ఈ మూడు ప్రశ్నలకు మీరు ఏ సమాధానాలు రాస్తారు?