ఉప్పల్ - నాచారం: సందర్శన, ఆహార విశేషాలు

ఉప్పల్, నాచారం హైదరాబాదు నగరానికి తూర్పు దిక్కున, మూసీ నదికి ఉత్తరాన ఉన్న ఇరుగుపొరుగు ప్రాంతాలు. 2016 వరకు రంగారెడ్డి జిల్లాలో ఉన్న ఈ ప్రాంతాలు ఆ సంవత్సరపు పునర్వ్యవస్థీకరణలో మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలో చేరినవి. ఉప్పల్ క్రికెట్ మైదానానికి, నాచారం పారిశ్రామికవాడకు పేరు పొందినవి. హైదరాబాదు చూడవచ్చిన యాత్రికులు సాధారణంగా ఈ వైపు ఆగరు. అయితే చారిత్రక నగరమంటే చార్మినారు పరిసరాలు మాత్రమే కాదు. కుతుబ్ షాహీల నాటి దర్గా ఉన్న కొండ, నిజాం నెలకొల్పిన విశ్వవిద్యాలయం, స్వతంత్ర భారత పరిశోధనాలయాలు ఈ తూర్పు భాగంలో కొద్ది కిలోమీటర్ల వ్యవధిలోనే ఉన్నవి. మెట్రో రైలు వచ్చిన తరువాత ఇక్కడ బస చేసి పాతనగరాన్ని కూడా తక్కువ ఖర్చుతో చూచి రావచ్చును.

సిద్దిపేట జిల్లా వర్గల్ మండలంలో లక్ష్మీనరసింహస్వామి ఆలయమున్న నాచారం వేరు, ఈ నాచారం వేరు.

పేరు, చరిత్ర

ఉప్పల్‌ను రికార్డులలో ఉప్పల్ కలాన్ అని వ్రాస్తారు. పారసీ భాషలో కలాన్ అనగా పెద్దది, ఖుర్ద్ అనగా చిన్నది. నిజాం రాజ్యంలో ఒకే పేరు గల గ్రామాలను వేరుగా గుర్తించుటకు ఈ మాటలను చేర్చేవారు. ఉప్పల్ కలాన్ పురపాలక సంఘం 2007లో గ్రేటర్ హైదరాబాదు మహానగరపాలక సంస్థలో విలీనమైనది. నటుడు ఎన్.టి. రామారావు స్థాపించిన రామకృష్ణ స్టూడియో వలన నాచారం పేరు తెలుగు సినిమా చరిత్రలోనూ కనిపిస్తుంది.

చూడదగిన ప్రదేశాలు

మౌలాలి కొండ: నాచారానికి ఉత్తరాన కొద్ది దూరంలో ఉన్నది. ఇబ్రహీం కులీ కుతుబ్ షా (పాలన 1550-1580) ఆస్థానంలోని యాకూత్ అనే ఉద్యోగికి కలలో హజ్రత్ అలీ కనిపించాడని, మరునాడు కొండమీది రాతిపై ఆయన చేతిగుర్తు కనబడినదని స్థానిక గాథ. కొండపై దర్గా నిర్మించబడినది. రజబ్ నెలలో ఇక్కడ ఉర్సు జరుగుతుంది. రాతి మెట్లు ఎక్కి పైకి చేరితే తూర్పు హైదరాబాదు అంతా కనిపిస్తుంది.

మహలఖా బాయి సమాధి: ఇది మౌలాలి కొండ పాదం వద్ద ఉన్నది. మహలఖా బాయి చందా (1768-1824) నిజాం ఆస్థానంలో కవయిత్రి, గాయని, నర్తకి. ఉర్దూలో గజళ్ళ సంపుటం వెలువరించిన తొలి మహిళలలో ఒకరు. తల్లి కోసం తాను కట్టించిన సమాధి పక్కనే ఆమెను కూడా ఖననం చేసినారు. చాలాకాలం శిథిలావస్థలో ఉన్న ఈ కట్టడాన్ని, తోటను 2010-11లో అమెరికా ప్రభుత్వ ఆర్థిక సహాయంతో పునరుద్ధరించినారు.

ఉస్మానియా విశ్వవిద్యాలయం: 1918లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ స్థాపించినాడు. ఉర్దూ బోధనా భాషగా ఆరంభమైన విశ్వవిద్యాలయమిది. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల భవనంలో హిందూ, ఇస్లామీ వాస్తురీతులు రెండూ కలిసి ఉన్నవి. తార్నాక మెట్రో స్టేషను నుండి ఇక్కడికి వెళ్ళవచ్చును.

పరిశోధనాలయాలు: ఉప్పల్ రోడ్డు మీద జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ (1961), సి.సి.ఎం.బి. (1977) ఉన్నవి. అనుమతి లేనిదే వీటిలో ప్రవేశం లేదు. విద్యార్థుల కొరకు నిర్వహించే సందర్శన దినాలను ముందుగా తెలుసుకొని వెళ్ళడం మంచిది.

రాజీవ్ గాంధీ అంతర్జాతీయ క్రికెట్ మైదానం: ఇక్కడ తొలి అంతర్జాతీయ పోటీ 2005 నవంబరు 16న భారత్, దక్షిణాఫ్రికాల మధ్య జరిగినది. 2009 నవంబరు 5న ఆస్ట్రేలియాపై సచిన్ టెండూల్కర్ 175 పరుగులు చేసినప్పటికీ భారత్ 3 పరుగుల తేడాతో ఓడిపోయినది.

శిల్పారామం: ఉప్పల్ భగాయత్‌లో మూసీ ఒడ్డున 2019లో ప్రారంభమైనది. హస్తకళల అంగళ్ళు, సాంస్కృతిక కార్యక్రమాలు ఉంటాయి. 1908 సెప్టెంబరు 28న నగరాన్ని ముంచెత్తిన నది ఈ మూసీయే. ఆ వరద తరువాతనే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలు నిర్మించబడినవి. నేడు నగరపు మురుగునీరు చేరడం వలన ఈ ప్రాంతానికి వచ్చేసరికి నది తీవ్రంగా కలుషితమై ఉన్నది.

పాతనగరానికి ప్రయాణం

నాగోలు నుండి ఉప్పల్ మీదుగా వెళ్ళే మెట్రో మార్గం 2017 నవంబరులో ప్రారంభమై, 2019లో రాయదుర్గం వరకు పొడిగించబడినది. నాచారం వారికి హబ్సిగూడ స్టేషను అనుకూలము. పరేడ్ గ్రౌండ్ వద్ద మారి మహాత్మా గాంధీ బస్ స్టేషనులో దిగితే సాలార్ జంగ్ మ్యూజియం, చార్మినారు (1591), మక్కా మసీదు దగ్గరలోనే ఉంటాయి. సాలార్ జంగ్ మ్యూజియానికి, చౌమహల్లా ప్యాలెస్‌కు శుక్రవారం సెలవు. కావున ఆ రోజును ఉస్మానియా, శిల్పారామం వంటి తూర్పు ప్రాంతాలకు కేటాయించుకొనుట మేలు. ఉప్పల్ కూడలిలో రోడ్డు దాటుట కష్టమైనందున 2023లో పాదచారుల కోసం ఆకాశ వంతెన నిర్మించినారు. భువనగిరి, యాదగిరిగుట్ట, వరంగల్లు బస్సులు ఈ కూడలి మీదుగానే వెళతాయి.

ఆహారం

ఈ ప్రాంతంలో రెండు వంట సంప్రదాయాలు కలుస్తాయి. మొదటిది నిజాం నగరపు వంట. హైదరాబాదీ కచ్చీ బిర్యానీలో పచ్చి మాంసాన్ని పెరుగు, మసాలాలలో నానబెట్టి, దానిపై సగం ఉడికిన బియ్యాన్ని పరచి, గిన్నె మూతను పిండితో మూసి దమ్ము చేస్తారు. మాంసం విడిగా వండి అన్నంలో కలిపేది ఈ పద్ధతి కాదు. గోధుమలు, మాంసం, పప్పులు, నేతితో గంటల తరబడి ఉడికించి మెదిపే హలీం ముఖ్యంగా రంజాన్ మాసంలో దొరుకుతుంది. దీనికి 2010లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఇరానీ చాయ్‌లో డికాక్షనును, పాలను వేర్వేరుగా మరిగించి కప్పులో కలుపుతారు. దానితో తీపి, ఉప్పు కలిసిన ఉస్మానియా బిస్కెట్టు తినడం ఆనవాయితీ.

రెండవది వరంగల్లు దారి వెంట వచ్చిన తెలంగాణ పల్లె వంట. జొన్నరొట్టె, బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, శనగపప్పు కలిపి గిన్నెకు వత్తి కాల్చే సర్వపిండి, సంక్రాంతికి చేసే సకినాలు ఇందులో ముఖ్యమైనవి. సాయంకాలం రోడ్డు పక్కన పెనము పెట్టి వేడివేడిగా జొన్నరొట్టెలు కాల్చి అమ్మేవారు నగరంలో చాలాచోట్ల కనిపిస్తారు. శాకాహారులకు బగారా అన్నం, మిర్చీ కా సాలన్, బగారా బైంగన్, భోజనానంతరం ఖుబానీ కా మీఠా తగినవి.