ఇంజన్ బాగానే ఉంది, పైలట్ అనుభవజ్ఞుడే.. మరి కోబీ బ్రయంట్ హెలికాప్టర్ ఎందుకు కూలింది?

బాస్కెట్‌బాల్ చూడనివాళ్ళు కూడా కోబీ బ్రయంట్ పేరు వినే ఉంటారు. 2020 జనవరి 26న అమెరికాలోని కాలిఫోర్నియాలో, కాలబాసస్ కొండల మీద ఆయన వెళ్తున్న హెలికాప్టర్ కూలిపోయింది. కోబీ, ఆయన 13 ఏళ్ళ కూతురు జియానా, పైలట్‌తో కలిపి మొత్తం 9 మంది. ఒక్కరు కూడా బతకలేదు.

ఇంజన్ ఆగిపోయిందా? లేదు. అది రెండు ఇంజన్ల సికోర్‌స్కీ ఎస్-76బి, రెండూ బాగానే పనిచేస్తున్నాయి. పైలట్ కొత్తవాడా? అదీ కాదు, 8 వేల గంటలకు పైగా అనుభవం. దర్యాప్తు చేసిన ఎన్‌టీఎస్‌బీ 2021 ఫిబ్రవరిలో తేల్చింది ఏంటంటే, తప్పు నిర్ణయం దగ్గర జరిగింది.

ఆ రోజు పొద్దున్నే లాస్ ఏంజెలెస్ అంతా మబ్బు, పొగమంచు. అక్కడి పోలీసులు కూడా తమ హెలికాప్టర్లని దించేసి కూర్చున్నారు. మనవాళ్ళు మాత్రం జియానా ఆడాల్సిన మ్యాచ్ కోసం 9 గంటలు దాటాక ఆరెంజ్ కౌంటీలోని జాన్ వేన్ ఎయిర్‌పోర్ట్ నుంచి కామరిల్లోకి బయల్దేరారు. ముందు రోజు కూడా అదే రూట్‌లో వెళ్ళొచ్చారు. అంటే దారి కొత్త కాదు.

ఇక్కడొక రూల్ తెలుసుకోవాలి. ఆ కంపెనీకి ఉన్న పర్మిషన్ విజువల్ ఫ్లైట్ రూల్స్ వరకే. సింపుల్‌గా చెప్పాలంటే నేల కనబడుతూ ఉండాలి, మబ్బులోకి దూరకూడదు. బర్‌బ్యాంక్ దగ్గర పర్మిషన్ కోసం దాదాపు 12 నిమిషాలు గాల్లోనే చక్కర్లు కొట్టారు. తర్వాత కింద 101 హైవేని చూసుకుంటూ పడమరకి వెళ్ళారు. ముందుకి వెళ్ళేకొద్దీ నేల ఎత్తు పెరుగుతోంది, మబ్బు పైనే ఉంది. మధ్యలో ఖాళీ తగ్గిపోతోంది. స్పీడ్ మాత్రం తగ్గలేదు.

9:44 ప్రాంతంలో పైలట్ ఒక్కసారిగా పైకి లేపాడు. మబ్బుని చీల్చుకుని పైకి వెళ్ళిపోదామని. అంతే, చుట్టూ తెల్లగా, ఏమీ కనబడదు.

చిన్నప్పుడు ఒప్పులకుప్ప తిరిగారు కదా? ఆగిపోయాక కూడా ఇల్లంతా తిరుగుతున్నట్టే ఉంటుంది. చెవి లోపల చిన్న గొట్టాల్లో ఉండే ద్రవం చేసే పని అది. కదలిక మొదలైతే చెప్తుంది, కానీ ఒకే వేగంతో తిరుగుతూ ఉంటే కాసేపటికి "తిరగట్లేదు" అని చెప్పేస్తుంది. స్పీడ్ పెరిగితే ముక్కు పైకి లేచినట్టు అనిపిస్తుంది. నేల కనబడుతుంటే కళ్ళు ఆ తప్పుని సరిచేస్తాయి. మబ్బులో ఆ దిక్కు కూడా ఉండదు. మీటర్లని మాత్రమే నమ్మాలి, శరీరం చెప్పేది అస్సలు నమ్మకూడదు. చెప్పడం తేలికే!

కంట్రోలర్‌తో పైలట్ అన్న చివరి మాట, 4 వేల అడుగులకి ఎక్కుతున్నా అని. ఆ మాట అంటున్నప్పుడు హెలికాప్టర్ ఎడమకి తిరుగుతూ కిందకి పడిపోతోంది. అబద్ధం చెప్పలేదు పాపం. నిజంగా ఎక్కుతున్నాననే అనుకున్నాడు.

మరి వెనక్కి ఎందుకు తిరగలేదు? కోబీ ఒత్తిడి చేశాడనడానికి గానీ, కంపెనీ చేసిందనడానికి గానీ ఆధారం దొరకలేదు. ఒత్తిడి పైలట్ తనకి తానే తెచ్చుకున్నాడు అన్నది బోర్డు మాట. రెగ్యులర్‌గా తీసుకెళ్ళే కస్టమర్, టైమ్‌కి దింపాలి. దానికి తోడు, గమ్యం దగ్గరయ్యేకొద్దీ ప్లాన్ మార్చుకోవడానికి మనసు ఒప్పుకోదు. జోరు వానలో బండి మీద వెళ్తూ "ఇంకో రెండు కిలోమీటర్లే కదా" అని మనం ఆపకుండా పోతాం చూడండి, అదే. నిజానికి బయల్దేరేటప్పుడు ఆగడం కంటే, చివరి కొద్ది నిమిషాల్లో ఆగడమే కష్టం.

తప్పంతా పైలట్ మీదే వేయడం కూడా కరెక్ట్ కాదనిపిస్తుంది నాకు. ఎగిరే ముందు రిస్క్ ఎంతో లెక్కేసే ఫారం ఒకటి ఉంది. అది బయల్దేరడానికి చాలాసేపటి ముందే నింపేశారు, తాజా వాతావరణంతో మళ్ళీ నింపలేదు. నింపి ఉంటే పైఅధికారిని అడగాల్సి వచ్చేది, ఇంకో ప్లాన్ కూడా రాయాల్సి వచ్చేది. ఇలాంటివి సరిగ్గా జరుగుతున్నాయా అని కంపెనీ చూసుకోలేదని బోర్డు కూడా తప్పుపట్టింది.

ఆ ఇంకో ప్లాన్ ఎక్కడో దూరంగా కూడా లేదు. కొద్ది నిమిషాల ముందు పక్కనుంచే దాటొచ్చిన వాన్ నైస్ ఎయిర్‌పోర్ట్‌లో దిగి, అక్కణ్ణుంచి కారులో వెళ్ళిపోవచ్చు.