గాలపాగోస్ దీవులకు ఆకాశమార్గము

దక్షిణ అమెరికా పశ్చిమతీరమునగల ఈక్వడార్ దేశమునుండి పసిఫిక్ మహాసముద్రముపై పడమటి దిక్కుగా సుమారు 1000 కిలోమీటర్లు పోయినచో, భూమధ్యరేఖకు ఇరువైపుల చెదరియున్న అగ్నిపర్వతజన్యములైన దీవుల గుంపొకటి కానవచ్చును. దానికే గాలపాగోస్ అని పేరు. ఆ వేయి కిలోమీటర్ల జలరాశియే అచ్చటి సమస్త వైచిత్ర్యమునకును మూలకారణము. ఏ పెనుగాలికో కొట్టుకొనివచ్చిన పిట్టలు, ఏ దుంగనో పట్టుకొని తేలివచ్చిన బల్లులు, తాబేళ్లు తిరిగిపోవు దారి లేక, వెన్నాడివచ్చు శత్రువులును లేక, లక్షలకొలది సంవత్సరములు ఆ నల్లని లావారాళ్ల నడుమ పెరిగి, లోకమున మరెచ్చటను కానరాని రూపములను దాల్చినవి. 1835 సెప్టెంబరులో బీగిల్ నౌకపై అచ్చటికి చేరిన చార్లెస్ డార్విన్ ఐదు వారములపాటు ఆ జీవులను పరికించి, సేకరించి తీసికొనిపోయిన నమూనాలు జీవశాస్త్ర చరిత్రనే మలుపు త్రిప్పినవి. జీవజాతుల పుట్టుకను గూర్చి ఆయన వ్రాసిన మహాగ్రంథము వెలువడిన నూరేండ్లకు, అనగా 1959లో, ఈక్వడార్ ప్రభుత్వము ఈ దీవులను జాతీయోద్యానముగ ప్రకటించెను. దీవుల భూభాగమున 97 శాతము ఆ ఉద్యానమునకే చెందినది. మిగిలిన కొలది నేలపై సుమారు ముప్పదివేలమంది జనులు నివసించుచున్నారు. 1978లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముల తొలి పట్టికను ప్రకటించినప్పుడు అందు గాలపాగోస్‌కును చోటు లభించెను.

కోటగోడ వలె ఆ ప్రాణులను కాపాడిన సముద్రమును నేడు జెట్ విమానము రెండు గంటలలోపల దాటుచున్నది. ఆ గోడలో మనము తెరచిన ద్వారములే అచ్చటి విమానాశ్రయములు. ఏటేట రెండున్నర లక్షలకు పైబడిన జనము ఆ ద్వారములనుండియే లోన ప్రవేశించుచున్నారు. కావున గాలపాగోస్‌కు విమానప్రయాణము ఏర్పరచుకొనుట చౌకధర టిక్కెట్టు వెదకుటతో తీరు పనియని తలంచుట తగదు. ఆ దీవుల ఋతువులు, నియమములు, ప్రాణులు ముందుగ నిర్ణయింపగా, మన సెలవులును మన ధనమును వాని వెనుక నడువవలెనని నా దృఢవిశ్వాసము. ఇట్లు చేసినచో ప్రయాణికునకును చిక్కులు తగ్గును.

దూరప్రయాణము తలపెట్టినవారు సాధారణముగ ఇంటి గడపనుండి మొదలుపెట్టి ముందుకు లెక్క వేయుదురు. హైదరాబాదునుండి ఏ మార్గమున పోవలెను, ఎంత ఖర్చగును, ఏ దినమున ధర తక్కువ అని విచారించి, అన్నింటికన్న ఖరీదైన ఖండాంతర టిక్కెట్టును ముందుగ కొని, తక్కినది అచ్చటికి పోయిన తరువాత చూచుకొందమని నిశ్చింతగ నుందురు. గాలపాగోస్ విషయమున ఈ క్రమము తలక్రిందులు కావలెను. ఏ దీవిని, ఏ మాసమున, నౌకపై తిరుగుచు చూచెదరా, లేక ఊరిలో బసచేసి చూచెదరా అనునది మొదట తేలవలెను. దానినిబట్టి ఏ విమానాశ్రయమున దిగవలసినదియు, దానినిబట్టి ప్రధానభూమిలో ఏ నగరమున రాత్రి గడపవలసినదియు తేలును. మహాసముద్రముల మీది టిక్కెట్టు అన్నింటికన్న చివర కొనదగినది.

మాసమును గూర్చి కొంత చెప్పవలెను. జనవరి మొదలు మే వరకు ఉష్ణకాలము. అప్పుడప్పుడు గట్టి వాన కురియును, సముద్రము వెచ్చగను శాంతముగను ఉండును. జూన్‌నుండి నవంబరు వరకు దక్షిణమునుండి వచ్చు హంబోల్ట్ శీతల ప్రవాహము ప్రభావము చూపును; ఆకాశము మబ్బుపట్టి, ఎత్తుప్రదేశములలో ‘గరూవా’ యను సన్నని తుంపర పట్టుకొనును. నీరు చల్లనై చేపలు సమృద్ధిగ నుండుటచే సముద్రపక్షులకు, పెంగ్విన్లకు ఇది పండుగకాలము. పడవప్రయాణమునకు అలవాటులేని మనుష్యులకు మాత్రము ఆగస్టు, సెప్టెంబరు మాసముల అలలు క్లేశకరములు. ఎస్పాన్యోలా దీవిలో గూడుకట్టు ఆల్బట్రాస్ పక్షిని చూడగోరువాడు ఏప్రిల్‌కును డిసెంబరుకును నడుమ పోవలెను. ఫిబ్రవరిలో పోయినచో ఆ పక్షి విశాలసముద్రముపై ఎచ్చటనో సంచరించుచుండును. టిక్కెట్టు చౌకయని తప్పుడు మాసమున పోయినవానికి ఆ ఆదా వలన కలుగు సంతోషము ఎంతసేపు నిలుచును?

ప్రధానభూమినుండి విమానములు రెండు నగరములనుండి బయలుదేరును: రాజధానియైన కీటో, రేవుపట్టణమైన గ్వాయాకిల్. కీటో నగరము ఆండీస్ పర్వతములపై సుమారు 2850 మీటర్ల ఎత్తున నున్నది. 2013లో తెరచిన దాని క్రొత్త విమానాశ్రయము కొంత దిగువగ, 2400 మీటర్ల ఎత్తున ఉన్నది. అంత ఎత్తున గాలి పలుచన. పలుచని గాలిలో రెక్కలకు ఆధారము తక్కువ, ఇంజనులకు బలము తక్కువ. అందుచే విమానము నేల విడుచుటకు దీర్ఘమైన రన్‌వే కావలెను, బరువు విషయమున కట్టుబాటును హెచ్చు. గ్వాయాకిల్ సముద్రమట్టముననే ఉండుటచే అచ్చట ఈ చిక్కు లేదు. కీటోలో బయలుదేరిన విమానములలో అనేకము దారిలో గ్వాయాకిల్‌లో దిగి, మరికొందరిని ఎక్కించుకొని సాగిపోవును. పర్వతనగరమును చూడవలెనను కోరిక గలవారు కీటోను ఎన్నుకొనుట మేలు. ఎత్తున ఊపిరి అందక తలనొప్పి వచ్చువారు, వృద్ధులు, ప్రయాణకాలము తగ్గించుకొనదలచినవారు గ్వాయాకిల్ మార్గమున పోదగును. అయితే ఇటీవలి సంవత్సరములలో గ్వాయాకిల్‌లో నేరములు పెచ్చుపెరిగినవి కనుక, రాత్రి బసను విమానాశ్రయ సమీపముననే ఏర్పరచుకొనుట వివేకము.

ఏ నగరమైనను ఒక రాత్రి గడపక తప్పదు. దీవులకు పోవు విమానములు సామాన్యముగ ఉదయమున బయలుదేరును. ఖండాంతర విమానములలో అనేకము సాయంకాలమున గాని రాత్రి గాని వచ్చి చేరును. తెల్లవారుజామున దిగి అదే ఉదయమున దీవికి ఎగిరిపోవచ్చునని గంటల లెక్కతో ఆశపడువారికి ఒక్క విమానము ఆలస్యమైనను ప్రయాణమంతయు తారుమారగును. దీవులలో విహరించు నౌకలు ఎవరికొరకును వేచియుండవు.

దీవులలో ప్రధానభూమినుండి వచ్చు విమానములు దిగు స్థలములు రెండే: బాల్ట్రా, శాన్ క్రిస్టోబాల్. ఒకే నౌక ఒకే దర్శనస్థలమునకు పదునాలుగు దినములలోపల రెండవమారు పోరాదని ఉద్యానాధికారులు నియమించిరి. అందుచే నౌకలు దీర్ఘమైన చుట్టుమార్గములను ఏర్పరచుకొని, వానిని నాలుగు, ఐదు, ఎనిమిది దినముల ఖండములుగ విభజించి యాత్రికులను ఎక్కించుకొనును. ఒక ఖండము బాల్ట్రాలో మొదలై శాన్ క్రిస్టోబాల్‌లో ముగియవచ్చును. రానుపోను ఒకే విమానాశ్రయమునకు టిక్కెట్టు కొన్నవాడు అప్పుడు వేరొక దీవిలో చిక్కుకొని, సముద్రముపై రెండు పడవలు మారి తిరిగిరావలసివచ్చును. నౌక ఖరారుకానిదే ఈ టిక్కెట్టు కొనరాదు. నౌకాసంస్థలే తరచుగ ఈ విమానమునుకూడ ఏర్పాటు చేయును. ధర ఒకింత హెచ్చైనను, విమానము ఆలస్యమైనప్పుడు బాధ్యత వారిదగుట చిన్న లాభము కాదు.

ఈ రెండింటిలో బాల్ట్రా చరిత్ర మిక్కిలి ఆలోచింపదగినది. అది చెట్టుచేమలు అరుదుగ నుండు, ఎర్రమన్ను పరచిన చిన్న దీవి. రెండవ ప్రపంచయుద్ధమున పనామా కాలువను రక్షించుటకై అమెరికా సైన్యము 1942లో అచ్చట వైమానిక స్థావరమును నిర్మించి, యుద్ధానంతరము 1946లో ఈక్వడార్‌కు అప్పగించెను. ఆ దీవి అంతకుపూర్వము భూఇగ్వానా యను పసుపుపచ్చని పెద్ద బల్లులకు నిలయము. ఆ శతాబ్ది నడిమికి అవి అచ్చట పూర్తిగ నశించినవి. అయితే 1932-33 ప్రాంతమున అలన్ హాంకాక్ అను అమెరికన్ నావికుని యాత్రాబృందము, బాల్ట్రాలో ఆహారములేక కృశించుచున్న ఇగ్వానాలలో సుమారు డెబ్బదింటిని పట్టి ప్రక్కనున్న ఉత్తర సేమూర్ దీవిలో విడిచియుండెను. ఆ కాలమున ఎవరును పెద్దగ గమనింపని ఆ చిన్న కార్యమే ఆ వంశమును నిలిపినది. వాని సంతతిని దీవులలోని పరిశోధనాకేంద్రమున పెంచి, 1991నుండి బాల్ట్రాలో తిరిగి విడువసాగిరి. నేడు విమానాశ్రయపు దారులలో వాహనములు నెమ్మదిగ పోవలెనని ఆంక్ష ఉండుటకు కారణము దారిలో అడ్డము వచ్చు ఈ ఇగ్వానాలే. 2012-13 ప్రాంతమున కట్టిన క్రొత్త భవనము గాలితోను సూర్యకాంతితోను విద్యుత్తును పొందుచు, సముద్రజలమునే శుద్ధిచేసి వాడుకొనుచున్నది. బాల్ట్రాలో దిగినవారు బస్సెక్కి ఇటబాకా జలసంధి చేరి, చిన్న పడవపై దానిని దాటి, శాంటా క్రూజ్ దీవి మీదుగా సుమారు నలుబది కిలోమీటర్లు పయనించి ప్యూర్టో అయోరా పట్టణము చేరవలెను. శాన్ క్రిస్టోబాల్‌లో దిగినవారికి ఊరు నడకదూరముననే కలదు.

విమానమెక్కుటకు ముందే దీవుల పరీక్ష ఆరంభమగును. ప్రధానభూమి విమానాశ్రయముననే 20 డాలర్లు చెల్లించి ప్రయాణ నియంత్రణ కార్డును పొందవలెను. తిరుగు టిక్కెట్టు చూపనిదే దానిని ఇయ్యరు. విదేశీ యాత్రికులు అరువది దినములకు మించి అచ్చట ఉండరాదు. పిమ్మట సామానులను తనిఖీచేసి ముద్రవేయుదురు. పండ్లు, విత్తనములు, మొక్కలు, మట్టి అంటిన బూట్లు ఏవియు పోరాదు. మనవారు దూరదేశములకు ఊరగాయ, పొడులు, పచ్చి కరివేపాకు కట్టుకొనిపోవు అలవాటు కలవారు. కరివేపాకు రెమ్మలను, విత్తులుగల పండ్లను ఇంటివద్దనే విడుచుట మంచిది. దీవిలో దిగినతరువాత ఉద్యాన ప్రవేశరుసుము చెల్లించవలెను. అది 2024 ఆగస్టు 1 నుండి విదేశీయులలో పెద్దలకు 100 డాలర్లనుండి 200 డాలర్లకు పెరిగినది. దీనిని నగదుగ దగ్గర ఉంచుకొనవలెను.

ఈ తనిఖీని వేధింపుగ భావించి విసుగుకొనువారు కలరు. వారికి ఒక ఈగ కథ చెప్పవలెను. బయటనుండి వచ్చిన ఒక పరాన్నజీవియైన ఈగను 1997లో పక్షిగూళ్లలో కనుగొనిరి. దాని పురుగులు గూటిలోని పిల్లల రక్తము పీల్చి బ్రదుకును; డార్విన్ పేర ప్రసిద్ధిగాంచిన ఫించ్ పిట్టల పిల్లలు గూళ్లలోనే చనిపోవుచున్నవి. ఇసబెలా దీవి మడ అడవులలోని ఫించ్ జాతి నేడు వందకు అటునిటుగ మాత్రమే మిగిలియున్నది. అట్లే పూర్వపు నావికులు, వలసదారులు విడిచిన మేకలు పెరిగిపెరిగి రాక్షసతాబేళ్ల ఆహారమును మేసివేయగా, శాంటియాగో దీవినుండియు ఇసబెలా ఉత్తరభాగమునుండియు లక్షకు పైగా మేకలను తొలగించుటకు ఏండ్లు పట్టినది. మేకను హెలికాప్టరునుండియైనను వెదకవచ్చును. ఈగను వెదకుట ఎవరి తరము? సంచీ మడతలో దాగిన ఒక్క విత్తును విమానాశ్రయముననే ఆపుట దీనికన్న వేయిరెట్లు సులభము.

దీవికిని దీవికిని నడుమ పది మందికిలోపు పట్టు చిన్న విమానములును కలవు; ఇసబెలాలోని ప్యూర్టో వియామిల్‌కు వీనిపై పోవచ్చును. వీనిలో ప్రయాణికుని బరువునుకూడ తూచెదరు, సామాను మిక్కిలి పరిమితము. సముద్రపు కుదుపు సహింపలేనివారికి ఇవి వరము. తక్కినవారికి పడవలు చాలును.

తిరుగుప్రయాణమున పలువురు పొరబడునది కాలమానమున. గాలపాగోస్ గడియారము ప్రధానభూమి గడియారముకన్న ఒక గంట వెనుకబడి యుండును. పోవునప్పుడు పదింటికి బయలుదేరిన విమానము పదకొండుంపావులోపలనే చేరినట్లు టిక్కెట్టుపై కానవచ్చుటచే, వచ్చునప్పుడును అంతియేయని తలంతురు. వచ్చునప్పుడు ఆ గంట తిరిగి పోవును. మధ్యాహ్నము బయలుదేరినచో గ్వాయాకిల్ చేరుసరికి మూడగును, కీటో చేరుసరికి సాయంకాలమగును. ఆనాటి రాత్రివిమానమునే నమ్ముకొనక మరునాటిదానిని ఎన్నుకొనవలెను.

భారతదేశమునుండి ఈక్వడార్‌కు నేరుగ విమానము లేదు. ఆమ్‌స్టర్‌డామ్ లేక మాడ్రిడ్ మీదుగా ఐరోపా మార్గమును, అమెరికా మీదుగా మరొక మార్గమును కలవు. అమెరికాలో విమానము మారుటకైనను భారతీయునకు ఆ దేశపు వీసా ఉండవలెను; ఈక్వడార్ వీసాకూడ ముందుగనే సంపాదించుకొనవలెను. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబములకు మయామీ, హ్యూస్టన్, అట్లాంటాలనుండి దారి సులభము. అచ్చటికి పిల్లలను చూడబోవు తలిదండ్రులు ఆ ప్రయాణములోనే దీనిని కలుపుకొనుట సాధ్యము. అయితే అమెరికా వీసాపై ఎన్నిమారులు తిరిగి ప్రవేశింపవచ్చునో ముందు చూచుకొనవలెను.

పచ్చజ్వరము గల దేశముల పట్టికలో భారతప్రభుత్వము ఈక్వడార్‌ను చేర్చియున్నది. అచ్చటినుండి మనదేశమునకు వచ్చువారు టీకా ధ్రువపత్రము చూపవలెను. లేనిచో ఆరు దినములవరకు వేరుగ ఉంచుదురు. టీకా వేయించుకొన్న పది దినముల తరువాతనే ఆ పత్రము చెల్లును. ఈ టీకా సాధారణ వైద్యులవద్ద లభింపదు, ప్రభుత్వము అనుమతించిన కేంద్రములలోనే వేయుదురు. హైదరాబాదులో నారాయణగూడలోని ప్రభుత్వ సంస్థయైన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అట్టిది. టీకాకు నియమిత దినములును, అప్పుడప్పుడు కొరతయు నుండుటచే, దీవి, మాసము, నౌక నిశ్చయమైన వెంటనే, టిక్కెట్టుకన్నను ముందు, అచ్చట విచారించుట మేలు.