పారసీక లేఖలు: ఉజ్బెక్ చూడని చెర

శాసనము చేయు అధికారము, దానిని నడపు అధికారము, తీర్పు చెప్పు అధికారము ఒక్కరి చేత చిక్కరాదని బోధించిన మాంటెస్క్యూ పేరు పౌరశాస్త్రము చదివిన విద్యార్థులకు క్రొత్త గాదు. 1748లో వెలువడిన ఆ శాస్త్రగ్రంథమునకు ఇరువదియేడేండ్లు ముందుగా, 1721లో, ఆయన ఒక నవల ప్రకటించినాడు. బోర్డో న్యాయస్థానమున ఉన్నతపదవి యందున్న ముప్పదిరెండేండ్ల వాడు. పుస్తకముపై తన పేరు వేసికొనలేదు. అచ్చయినది ఆమ్‌స్టర్‌డామ్‌లో, ముఖపత్రము మీద మాత్రము కొలోన్ అని యున్నది. అదియే "పారసీక లేఖలు".

కథ స్వల్పము. ఉజ్బెక్ అను పారసీక ప్రభువు రాజసభలో నిజము పలికి పగవారిని తెచ్చుకొనినాడు. విద్యార్జన నెపమున, మిత్రుడు రికాను వెంటబెట్టుకొని, 1711లో ఇస్ఫహాన్ విడిచి పారిస్ చేరినాడు. భార్యలను అంతఃపురమున ఖోజాల కావలిలో నుంచినాడు. అటుపై తొమ్మిదేండ్ల కథయు జాబులలోనే నడచును. తొలి కూర్పున అవి 150. రచయిత మరణానంతరము వచ్చిన కూర్పున 161.

మాంటెస్క్యూ పారసీకమును కన్నులార చూచినవాడు గాడు. షార్దాన్, తవెర్నియే వంటి యాత్రికుల గ్రంథములే ఆయనకు ఆధారము. (ఆ తవెర్నియే మన గోల్కొండ రాజ్యమునకు వచ్చి వజ్రపు గనులను వర్ణించినవాడే.) కావున ఆ అంతఃపురమున చాలభాగము యూరపు వారి ఊహయే యనవలెను.

రికా జాబులు చదువరిని నవ్వించును. ఫ్రాన్సు రాజు గొప్ప మాంత్రికుడట. కాగితపు ముక్కను ధనమని ప్రజలచే నమ్మింపగలడట! పారసీక వేషమున వీథిలోనికి వచ్చినచో జనము మూగుదురు. అంగడులలో ఆతని చిత్తరువులే వ్రేలాడును. విసిగి ఐరోపా దుస్తులు తొడిగినంతనే ఆతనిని పలుకరించువాడు లేడు. సభలో ఎవరైన ఇతడు పారసీకుడని చెప్పినచో మాత్రము, మనుష్యుడు పారసీకుడై యుండుట యెట్లు సాధ్యమని అందరును విస్తుపోవుదురు. పరదేశి కన్నుతో స్వదేశమును చూపు ఈ ఉపాయము వలననే పుస్తకము విపరీతముగా అమ్ముడుపోయినది.

కాని గ్రంథము బరువంతయు ఉజ్బెక్ మీదనే యున్నది. ఆతడు తత్త్వజ్ఞుడు. ప్రజల స్వభావమునకు అనుగుణముగా, సౌమ్యముగా నడపు ప్రభుత్వమే ఉత్తమమనియు, క్రూరదండనముల వలన జనులు మరింత విధేయులు కారనియు ఒక జాబున తర్కించును. ఆ చేతితోనే ఇంటికి వ్రాయు ఉత్తరువులు వేరు. అంతఃపురమున కట్టు తప్పినదని వినగానే ప్రధాన ఖోజాకు అపరిమితాధికార మిచ్చును. జాబు చేరుటకు నెలలు పట్టును. అది చేరులోపల ఆ ఖోజా మరణించినాడు. వాని స్థానమునకు వచ్చిన ముదుసలి బానిస, యజమానుని ముద్రపై గౌరవము చేత, దానిని విప్పక భద్రముగా దాచినాడు! మరియొక జాబు దారిలో దొంగల పాలైనది. నిరంకుశాధికారము పని చేయు తీరునకు ఇంతకన్న చక్కని చిత్రణము ఆయన శాస్త్రగ్రంథమున సైతము అరుదు. తుదకు సోలిమ్ అను కఠినుని చేతికి దండనాధికారము పోయినది.

భార్యలలో మిక్కిలి పతివ్రత యని ఉజ్బెక్ మెచ్చుకొనినది రోక్సాన్‌ను. గ్రంథమున కడపటి జాబు ఆమెదే. ప్రియుని సోలిమ్ మనుష్యులు చంపినారు. ఆమె ఆ కావలివారిని చంపించి, తాను విషము త్రాగి, కలము పట్టినది. ఇన్నాళ్లును నిన్ను వంచించితిననియు, నీ శాసనములను ప్రకృతి శాసనముల ననుసరించి దిద్దుకొంటిననియు, దేహము చెరలో నున్నను మనస్సు నీకు లోబడలేదనియు ఆమె చెప్పును.

ఉపాధ్యాయులు విద్యార్థులకు తప్పక చూపదగినది జాబుల తేదీల కూర్పు. ఇంటి కలతను గూర్చిన జాబులు 1717 నుండియే మొదలగును. కాని రచయిత వానినన్నిటిని చివర గుదిగ్రుచ్చినాడు. చదువరి అంతవరకు ఉజ్బెక్ తత్త్వవిచారమును మెచ్చుచు వచ్చి, అది సాగినంత కాలమును ఇల్లు కాలుచుండెనని అప్పుడు తెలిసికొనును. రోక్సాన్ జాబు 1720 మే మాసపుది. పుస్తకమున దానికి ముందు, 146వదిగా, ఉజ్బెక్ జాబొకటి కలదు. ఒక మంత్రి కపటము జాతి నంతను చెరచిన తీరును అందులో వర్ణించినాడు. దాని తేదీ ఆ యేటి నవంబరు. రోక్సాన్‌కు గాని, ఆమె మాటలకు గాని ఆతడిచ్చిన సమాధానము గ్రంథమున ఎచ్చటను లేదు.