పాత వీడియో గేములన్నిటికీ ఒకే ఎమ్యులేటర్: ఆలోచన సులభం, ఆచరణ ఎందుకు కఠినం?

సూరత్: ఒక్క ప్రోగ్రామును ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో పెట్టుకుంటే చాలు, 1980ల నాటి మారియో మొదలుకొని ప్లేస్టేషన్ 2 వరకు పాత గేములన్నీ ఆడుకోవచ్చునన్న ఆలోచన చాలాకాలంగా ఉన్నదే. పాత కన్సోళ్లు అటకెక్కి, వాటి క్యాసెట్లు అంగళ్లలో కనుమరుగైన ఈ రోజుల్లో ఆ కోరిక మరింత బలపడింది. ‘అన్నీ ఒకే దానిలో’ అన్న ప్రచారంతో వేలాది గేములు నింపిన చేతి పరికరాలు ఆన్‌లైన్‌లో విరివిగా అమ్ముడవుతున్నాయి. అసలు ఎమ్యులేటర్ చేసే పని ఏమిటి, అన్ని యంత్రాలకు ఒకటే ఎందుకు సరిపోదు, చట్టం ఏమంటుంది అన్న ప్రశ్నలకు సమాధానాలు తెలిస్తే ఆ ప్రచారంలో నిజమెంతో కొనుగోలుదారులు తేల్చుకోగలరు.

మగ్గం, అట్టలు

సూరత్‌లో పవర్‌లూమ్‌లపై పనిచేసే వేలాది తెలుగు కుటుంబాలకు, ముఖ్యంగా తెలంగాణ నుంచి వలస వచ్చిన పద్మశాలీలకు, జాకార్డు మగ్గం పరిచితమే. చిల్లులు పొడిచిన అట్టల వరుస ఏ పోగు ఎప్పుడు లేవాలో మగ్గానికి చెబుతుంది. ఆ అట్టలు ఒక నిర్దిష్టమైన మగ్గానికి తయారైనవి. కొక్కేల సంఖ్య, అమరిక వేరైన మరో మగ్గంపై వాటిని ఎక్కిస్తే పువ్వు బదులు చిక్కుముడి వస్తుంది.

గేమ్ క్యాసెట్ ఆ అట్టల వరుస వంటిది, కన్సోల్ మగ్గం వంటిది. క్యాసెట్‌లోని ఆదేశాలు ఆ కన్సోల్‌లోని ప్రాసెసర్, చిత్రాల చిప్, ధ్వని చిప్‌లకు మాత్రమే అర్థమవుతాయి. ఎమ్యులేటర్ అనేది ఆ కన్సోల్ ప్రవర్తనను మరో యంత్రంపై అనుకరించే ప్రోగ్రాము. ఒక్కో ఆదేశాన్ని చదివి, అసలు యంత్రం ఏమి చేసి ఉండేదో లెక్కించి, ఆ ఫలితాన్ని తెరపై చూపుతుంది.

ఒక్కో యంత్రం ఒక్కో భాష

1983 జూలై 15న జపాన్‌లో విడుదలైన నింటెండో ఫామికామ్‌లో సుమారు 1.79 మెగాహెర్ట్జ్ వేగం గల 8 బిట్ ప్రాసెసర్, 2 కిలోబైట్ల ప్రధాన మెమరీ ఉండేవి. సెగా మెగా డ్రైవ్‌లో మోటరోలా 68000 ప్రాసెసర్ ఉంది. సోనీ తొలి ప్లేస్టేషన్ మిప్స్ కుటుంబపు ప్రాసెసర్‌ను వాడింది. సెగా శాటర్న్‌లో రెండు ప్రధాన ప్రాసెసర్లు ఒకేసారి పనిచేస్తాయి. వీటిలో ఒకదాని ఆదేశాలు మరొకదానికి అర్థం కావు. కాబట్టి ఒక కన్సోల్‌కు రాసిన అనుకరణ మరో కన్సోల్‌కు దాదాపు పనికిరాదు.

పాత యంత్రం వేగం తక్కువైనంత మాత్రాన అనుకరణ తేలిక కాదు. సూపర్ నింటెండో ప్రధాన ప్రాసెసర్ గరిష్ఠ వేగం 3.58 మెగాహెర్ట్జ్ మాత్రమే. దానిని అత్యంత ఖచ్చితంగా అనుకరించే లక్ష్యంతో రూపొందిన ‘బీఎస్‌నెస్’కు 2011 నాటికి దాదాపు 3 గిగాహెర్ట్జ్ కంప్యూటర్ కావలసి వచ్చింది. అసలు కన్సోల్‌లోని చిప్‌లు పక్కపక్కన ఒకే సమయంలో పనిచేస్తాయి. ఎమ్యులేటర్ వాటన్నిటి పనిని వంతులవారీగా చేస్తూ, క్షణంలో లక్షలసార్లు ఒకదానితో ఒకటి సరిచూడాలి. ఈ సరిచూపును తగ్గిస్తే వేగం పెరుగుతుంది కానీ కొన్ని గేములు తప్పుగా నడుస్తాయి.

ఐక్యతకు రెండు దారులు

అయినప్పటికీ అన్నిటినీ ఒక గూటికి చేర్చే ప్రయత్నాలు సాగాయి. ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా 1997 ఫిబ్రవరిలో విడుదల చేసిన ‘మేమ్’ ఆర్కేడ్ గేముల కోసం మొదలైంది. కన్సోళ్లు, పాత కంప్యూటర్ల కోసం మరుసటి సంవత్సరం ‘మెస్’ అనే సోదర ప్రాజెక్టు వచ్చింది. 2015లో ఈ రెండూ విలీనమై ఒకే ప్రోగ్రాముగా మారాయి. యంత్రాల పనితీరును నమోదు చేసి భద్రపరచడమే ముఖ్యమని, ఆట ఆడగలగడం దాని ఫలితమని ఆ ప్రాజెక్టు చెబుతుంది. వేలాది యంత్రాలు అందులో ఉన్నా, అన్నీ సమానంగా పనిచేయవు.

రెండవ దారి ‘రెట్రోఆర్క్’. 2010లో వేరే పేరుతో మొదలై 2012లో ఈ పేరు పొందిన ఈ ప్రోగ్రాము తనంతట తానుగా ఏ కన్సోల్‌నూ అనుకరించదు. ‘లిబ్రెట్రో’ అనే ఉమ్మడి నియమావళి ద్వారా వేర్వేరు రచయితల ఎమ్యులేటర్లను ‘కోర్’ల రూపంలో కలుపుకొంటుంది. తెర, ధ్వని, బటన్ల అమరిక, ఆటను మధ్యలో భద్రపరచడం ఉమ్మడి వ్యవస్థ చూసుకుంటుంది. అసలు అనుకరణ ఆయా కోర్‌లదే.

దీనికి సూరత్‌లోనే మంచి పోలిక ఉంది. ఇక్కడి నగరపాలక సంస్థ ఆధ్వర్యంలో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు, ఆంగ్ల మాధ్యమాల పాఠశాలలు నడుస్తున్నాయి. పాలన ఒకటే అయినా తెలుగు తరగతికి తెలుగు ఉపాధ్యాయుడే కావాలి. రెట్రోఆర్క్ పాలక వ్యవస్థ అయితే, కోర్‌లు ఉపాధ్యాయులు. ఒక కోర్‌ను నిర్వహించేవారు లేకపోతే, ఉపాధ్యాయుడు లేని తరగతిలా ఆ కన్సోల్ వెనుకబడిపోతుంది.

లైసెన్సుల అడ్డంకి

అన్నిటినీ ఒకే ప్రోగ్రాములో కలిపేయడానికి సాంకేతికేతర అడ్డంకి కూడా ఉంది. చాలా ఎమ్యులేటర్లు ఎవరైనా వాడి, మార్చి, పంచుకోగల జీపీఎల్ లైసెన్సు కింద ఉన్నాయి. సూపర్ నింటెండోకు ప్రసిద్ధమైన ‘స్నెస్9ఎక్స్’, సెగాకు వాడే ‘జెనెసిస్ ప్లస్ జీఎక్స్’ వంటివి వాణిజ్య వినియోగాన్ని నిషేధిస్తాయి. ఈ రెండు తరహాల కోడ్‌ను ఒకే ప్రోగ్రాముగా కలిపి విడుదల చేయడం చట్టరీత్యా చిక్కు. మేమ్ కూడా 2016లో మాత్రమే పాత వాణిజ్య నిషేధ నిబంధనను వదిలి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా మారింది. వాణిజ్య నిషేధం ఉన్న ఎమ్యులేటర్లను నింపి పరికరాలు అమ్మేవారు గేముల యజమానుల హక్కులతో పాటు ఎమ్యులేటర్ రచయితల నిబంధనలను కూడా ఉల్లంఘిస్తున్నట్లే.

చట్టం ఏమంటోంది

ఎమ్యులేటర్ తయారీని న్యాయస్థానాలు నేరంగా చూడలేదు. 2000లో సోనీ, కనెక్టిక్స్ సంస్థల వివాదంలో, ప్లేస్టేషన్ పనితీరును తెలుసుకోవడానికి దాని అంతర్గత ప్రోగ్రామును కాపీ చేసి పరిశీలించడం న్యాయమైన వినియోగమేనని అమెరికా అప్పీలు న్యాయస్థానం తీర్పునిచ్చింది. అయితే రక్షణ తాళాలను ఛేదించడం వేరే విషయం. నింటెండో స్విచ్ ఎమ్యులేటర్ ‘యుజు’ రూపకర్తలపై ఆ సంస్థ 2024 ఫిబ్రవరిలో దావా వేయగా, మార్చిలో 24 లక్షల డాలర్లు చెల్లించేందుకు అంగీకరించి వారు ప్రాజెక్టును మూసివేశారు. మరోవైపు ఆపిల్ సంస్థ 2024 ఏప్రిల్‌లో తన యాప్ స్టోర్‌లోకి పాత కన్సోళ్ల ఎమ్యులేటర్లను అనుమతించింది.

భారత కాపీరైట్ చట్టం, 1957లో ఎమ్యులేటర్ అన్న మాట లేదు. కానీ 52వ సెక్షన్ ప్రకారం, చట్టబద్ధంగా ప్రోగ్రాము పొందిన వ్యక్తి నష్టం నుంచి రక్షణ కోసం కాపీ తీసుకోవచ్చు. మరో ప్రోగ్రాముతో కలిసి పనిచేయడానికి అవసరమైన సమాచారాన్ని, అది వేరే విధంగా సులభంగా దొరకనప్పుడు, పరిశీలించి రాబట్టుకోవచ్చు. 2012 సవరణతో వచ్చిన 65ఎ సెక్షన్ మాత్రం హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో సాంకేతిక రక్షణలను ఛేదించేవారికి రెండేళ్ల వరకు జైలు శిక్ష, జరిమానా విధించవచ్చునని చెబుతోంది. ఇంటర్నెట్‌లో దొరికే గేముల కాపీలకు 52వ సెక్షన్ రక్షణ వర్తించదు. 1980ల నాటి గేములకు కూడా కాపీరైట్ గడువు ఇంకా తీరలేదు.

భారతీయ జ్ఞాపకాలకు ముప్పు

అమెరికాలో 2010కి ముందు విడుదలైన గేములలో 87 శాతం నేడు చట్టబద్ధంగా కొనుగోలుకు దొరకడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో వెల్లడించింది. భారత్ పరిస్థితి మరింత చిక్కైనది. ఇక్కడ నింటెండో యంత్రం ‘సమురాయ్’ పేరుతో వచ్చినా, ఎక్కువ ఇళ్లకు చేరినవి ‘లిటిల్ మాస్టర్’, ‘మీడియా’ వంటి ఫామికామ్ నకలు యంత్రాలు, ఒకే దానిలో పదులు, వందల గేములున్నాయని చెప్పుకొనే క్యాసెట్లు.

ఈ క్యాసెట్లలో గేములను మార్చి చూపే ప్రత్యేక సర్క్యూట్లు ఉంటాయి. ఎమ్యులేటర్లు ప్రతి రకం సర్క్యూట్‌కు ఒక సంఖ్యనిచ్చి గుర్తిస్తాయి. అనధికారిక క్యాసెట్లలో ఈ సర్క్యూట్లు ఇష్టానుసారం మారడంతో, ఎవరో ఒకరు క్యాసెట్‌ను విప్పి, పరిశీలించి, నమోదు చేస్తేనే అది ఎమ్యులేటర్‌లో నడుస్తుంది. పైగా మన పాల్ పద్ధతి టీవీలు సెకనుకు 50 సార్లు తెరను గీస్తే, జపాన్, అమెరికా టీవీలు 60 సార్లు గీసేవి. 50 హెర్ట్జ్ టీవీల కోసం చేసిన నకలు యంత్రాల కాలగతి నింటెండో అసలు యంత్రానికి భిన్నం. అందుకే కొన్ని ఎమ్యులేటర్లలో రష్యా నకలు యంత్రం ‘డెండీ’ పేరిట ప్రత్యేక అమరిక ఉంటుంది.

ఆ క్యాసెట్లు నశిస్తే నమోదు చేయడానికి ఆధారమే మిగలదు. 2006 ఆగస్టు వరదలో సూరత్‌లో అధిక భాగం నీట మునిగింది. అటువంటి విపత్తు ఇళ్లలోని పాత ఎలక్ట్రానిక్ వస్తువులను ఒక్క రోజులో తుడిచిపెట్టగలదు. విపత్తు లేకున్నా తుప్పు, తేమ నెమ్మదిగా అదే పని చేస్తాయి.

ఎంచుకునేవారికి

నేటికి ‘అన్నిటికీ ఒకటే’ అన్నదానికి దగ్గరగా ఉన్నవి రెట్రోఆర్క్ వంటి ఉమ్మడి వేదికలే. వాటిని ఉచితంగా అధికారిక మూలాల నుంచే తీసుకోవచ్చు. డబ్బు అడిగే నకిలీ యాప్‌లకు దూరంగా ఉండటం మంచిది. సాధారణ ఫోన్ 8, 16 బిట్ల కన్సోళ్లకు చాలు. ప్లేస్టేషన్ 2 స్థాయి గేములకు శక్తిమంతమైన ప్రాసెసర్ కావాలి. స్వతంత్ర రూపకర్తలు పాత కన్సోళ్ల కోసం నేడు రాసి ఉచితంగా పంచే గేములతో ప్రారంభిస్తే హక్కుల చిక్కు ఉండదు. ఇంట్లో పాత క్యాసెట్ ఉంటే, పనిచేయకపోయినా చెత్తలో వేయకుండా పొడి చోట దాచడం మేలు. అందులోని సర్క్యూట్ ఇంకా ఏ ఎమ్యులేటర్‌కూ తెలియనిది కావచ్చు.