ఏడు కిలోల్లో కెమెరా సంసారం!

లద్దాఖ్ కొండల్నో, అండమాన్ సముద్రాన్నో కెమెరాలో బంధించాలని బయల్దేరారా? మొదటి పరీక్ష విమానాశ్రయంలోనే! దేశీయ విమానాల్లో ఎకానమీ ప్రయాణికుల చేతి బ్యాగు సాధారణంగా 7 కిలోలు దాటకూడదు.

ఇక లెక్క చూడండి. నికాన్ డి850 కెమెరా బ్యాటరీతో కలిపి కిలో. పక్షుల్ని తీసే 200-500 ఎం.ఎం. లెన్సు 2.3 కిలోలు. చక్రాల పెట్టె ఖాళీగానే మూడు కిలోలుంటే మిగిలేది ముప్పావు కిలో కూడా కాదు. అందుకే తేలికైన వీపు సంచి మేలు.

పోనీ, లెన్సుని చెకిన్ లగేజీలో వేద్దామా? పగిలే వస్తువులకూ, ఖరీదైన వాటికీ బాధ్యత తమది కాదని చాలా విమాన సంస్థలు నిబంధనల్లోనే రాస్తాయి. కాబట్టి కెమెరా, లెన్సులు, మెమరీ కార్డులు మీ వెంటే ఉండాలి. ట్రైపాడ్‌ని బట్టల మధ్య చుట్టి చెకిన్‌లో పంపండి. ఛార్జర్లూ, కేబుళ్లూ అందులోనే.

విడి బ్యాటరీలను మాత్రం చెకిన్‌లో వేయనే కూడదు. లిథియం బ్యాటరీ అంటుకుంటే క్యాబిన్‌లోనైతే సిబ్బంది వెంటనే ఆర్పగలరు. 100 వాట్ అవర్స్ లోపువాటికి ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. మామూలు కెమెరా బ్యాటరీలు అందులో పావు వంతు కూడా ఉండవు. లోహపు కొనలకు టేపు అంటించండి.

ఏటీఆర్ లాంటి చిన్న విమానాల్లో తలపై అరలు ఇరుకు. బ్యాగుని గుమ్మం దగ్గరే తీసుకుని కింద వేస్తామంటే, బ్యాటరీలూ కార్డులూ ముందే బయటికి తీసుకోండి.

బయల్దేరే ముందురోజే ఇంట్లో తూకం వేసుకుంటే కౌంటర్ దగ్గర బతిమాలుకునే పని ఉండదు!